మొలతాటి ముడులు

మా మేనమామ అనగానే నడుము తడుముకునే ఆయన చెయ్యే నా కళ్ళకు కడుతుంది.

పాకాలలో అంత భారీ మనిషి ఇంకొకరు లేరు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చివరికి మద్రాసు వెళ్ళి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకొచ్చాడు. సంగటి ముద్దలు అవలీలగా మింగిన మనిషి గిన్నెడు జావతో సరిపెట్టుకునేవాడు. ఒళ్ళు తగ్గి మొలతాడు వదులైనప్పుడల్లా దాన్ని మడిచి ఇంకో ముడి వేసేవాడు. మిగిలిన తాడు మాత్రం కత్తిరించనిచ్చేవాడు కాదు.

డాక్టరు బాగుందన్నా నమ్మలేదు. వీధిలో ఎవరైనా "సిక్కిపోయినావేమప్పా" అంటే చాలు, ఆ పూట జావ కూడా ముట్టడు.

"ఒళ్ళు తగ్గాలనే గదా కోయించుకుంటివి, ఇంగేం బయం?" అని మా అత్త కసిరింది ఒకరోజు.

"తగ్గతా ఉండేది ఒళ్ళో, పానమో ఎట్ల తెలిసేది మే?" అన్నాడు మామ, ముడి తడుముకుంటూ.

ఆ ఏడు వానాకాలంలోనే జ్వరం వచ్చి పోయాడు. పాడె ఎక్కించే ముందు మొలతాడు తెంచబోతే అత్త అడ్డుపడింది. ముడులన్నీ తన చేత్తోనే విప్పింది. తాడు మళ్ళీ పాత నడుమంత అయింది. దాన్ని రెండు చేతులా చాపి పట్టుకుని మా అందరికీ చూపించింది.

"ఇంత మనిషి గదప్పా!"