మంగాయమ్మ కంప్యూటరుకి గవర్రాజు చేసిన రిపేరు

గవర్రాజుకి సెలవు రోజు చేతులు ఊరుకోవు. ఉక్కు ప్లాంటు కన్వేయర్ సెక్షన్లో ముప్పై ఏళ్ళుగా ఫిట్టరు. ఫ్యాను కిర్రుమంటే చాలు, స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కేస్తాడు. ఆ ఆదివారం పొద్దున్న స్టూలెక్కే పనేమీ దొరక్క, భార్య కంప్యూటరు మీద పడ్డాడు.

కూర్మన్నపాలెంలో వాళ్ళింటి ముందు గదిలో మంగాయమ్మ పదో తరగతి పిల్లలు పదకొండుమందికి లెక్కలు చెబుతుంది. రెండేళ్ళుగా ఆమె చూపు మధ్యనుంచి చెరిగిపోతోంది. ఎదురుగా ఉన్న మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం ఉండదు. పక్కచూపు మిగిలింది కాబట్టి బజారుకి ఒక్కతే వెళ్ళొస్తుంది, ఎవరికీ అనుమానం రాలేదు. పాఠమంతా కంఠతా వచ్చు. బోర్డు మీద జానెడేసి అంకెలు వేస్తుంది. ఎటొచ్చీ పేపర్లు దిద్దడమే కష్టం. దానికి గవర్రాజే ఉపాయం చేశాడు. పైపు ముక్క వంచి స్టాండు చేసి, దానికి వెబ్‌క్యామ్ బిగించాడు. కింద పేపరు పెడితే పెద్ద మానిటరు మీద ఒక్కో అంకె అరచేతంత కనిపిస్తుంది. ఇలా దిద్దుతోందని బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే పిల్లల్ని పంపరని ఆమె భయం.

ఆ కంప్యూటరు వన్‌టౌన్‌లో అయూబ్ దుకాణంలో కొన్న పాత సరుకు. అందులో విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిచ్చింది కూడా అయూబే. కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించమంటారా అని అది నెలరోజులుగా అడుగుతోంది.

"పరీక్షలయ్యేదాకా దాని జోలికెళ్ళకండి," అని మంగాయమ్మ రెండుసార్లు చెప్పింది. ఆమె స్నానానికి వెళ్ళగానే ఈయన 'సరే' నొక్కేశాడు.

గంటన్నర పట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. ప్లాంటులో పని ముగిశాక పాత పార్టు మిషను దగ్గర ఉంచరు, తుక్కుకి పంపేస్తారు. అదే అలవాటున, అప్‌గ్రేడ్ అయ్యాక మిగిలిన పాత కెర్నెళ్ళన్నీ వెతికి మరీ తీసేశాడు. యంత్రానికి గుండెలాంటిది కెర్నెల్ అని ఆయనకి తెలుసు. కొత్త గుండె ఉండగా పాతదెందుకు అనుకున్నాడు. ఇల్లు శుభ్రమైనంత తృప్తిగా కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాడు.

తెర నల్లగా ఉండిపోయింది.

అయూబ్‌కి ఫోన్ చేశాడు. అయూబ్ చెప్పినట్టు ఏవో అక్షరాలు కొడితే బొమ్మ వచ్చింది కానీ, అంతా మొద్దుగా, అలుక్కుపోయినట్టు వచ్చింది. కెమెరా కింద పేపరు జరిపితే, తెర మీద ఎంతకో గాని కదలదు. పెద్దది చేస్తే అంకెలు మరకలైపోతున్నాయి.

"నీ గ్రాఫిక్స్ కార్డు పాతది కదా బావా. దాన్ని నడిపించీ డ్రైవరు ప్రోగ్రాం కొత్త కెర్నెల్‌తో పన్జెయ్యదు," అన్నాడు అయూబ్. "ఏటీ పర్లేదు. ఆన్ సేసినప్పుడు లిస్టు వత్తాది. పాత కెర్నెల్ నొక్కు, ఎప్పట్లాగే లేస్తాది."

"అది లేదు."

"లేదంటే ఏటి?"

"నానే తీసీసాను."

"అరె! ఎందుకు బావా?"

"అరిగిపోయిన బేరింగు పక్కనుంచితే ఎవుడో ఒకడు మళ్ళా ఎక్కించీతాడు. మా కాడ అలగే కన్వేయరు బెల్టాగిపోనాది."

"ఇయాల ఆదివారం, షాపు మూసీసుంది. రేపు తెచ్చీ," అన్నాడు అయూబ్.

రేపు! ఇవాళ సాయంత్రం ఐదుకే పిల్లలొస్తారు. బుధవారం పబ్లిక్‌లో లెక్కల పరీక్ష. నిన్న రాసిన మోడల్ పేపర్లు దిద్ది ఇవ్వాల్సిన ఆఖరి రోజు ఇవాళే. గవర్రాజు మూడింటిదాకా ఆ పెట్టెతో కుస్తీ పట్టాడు. తర్వాత పేపరు చేత్తో పట్టుకుని, పైకి చదువుతానన్నాడు.

"ఎక్స్ పక్కన చిన్న రెండు. ఆ తరవాత గీత."

"గీత కిందేటుంది? భాగారమా, మైనస్సా?"

ఆయనకి తెలియలేదు. ఐదింటికి రెండు పేపర్లు కూడా కాలేదు. మంగాయమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టుంటే బాగుండునని గవర్రాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

పిల్లలొచ్చారు. హరిచందనతో పాటు వాళ్ళమ్మ ఇంద్రజ కూడా వచ్చింది. "మా అమ్మాయికెన్నొచ్చాయి టీచర్?" అంటూ కట్టలోంచి పేపరు తీసి మంగాయమ్మ చేతిలో పెట్టింది. మంగాయమ్మ దాన్ని ఏటవాలుగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. లోపల గదిలోంచి గవర్రాజు చూస్తున్నాడు.

"నాకు అగుపడదమ్మా," అంది మంగాయమ్మ. "రెండేళ్ళయింది. కంప్యూటర్లో పెద్దది సేసుకుని దిద్దుతన్నాను. అది పాడయింది."

ఎవరు పాడుచేశారో చెప్పలేదు. గవర్రాజు సిగ్గుతో చచ్చిపోయాడు.

సోమవారం ఉదయం సందేహాలకని పిల్లలు రావాలి. పదకొండుమందిలో ఇద్దరే వచ్చారు. రెండింటికి డ్యూటీ దిగిన గవర్రాజు కంప్యూటరు స్కూటరు మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుంటూ వన్‌టౌన్ వెళ్ళాడు. అయూబ్ పాత వెర్షనే మళ్ళీ వేసి, పాత డ్రైవరు ఎక్కించాడు. ఐదయ్యేసరికి ఇంట్లో తెర నిగనిగలాడింది.

"అయిపోనాది. బాగయ్యింది," అన్నాడు గవర్రాజు. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించింది.

మంగాయమ్మ కుర్చీ లాక్కుని పేపర్లు ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి దిద్దింది. రాని తొమ్మిదిమందివి కూడా దిద్దింది.

"ఇవెందుకే ఇంక?" అన్నాడు ఆయన.

"హరిచందన మూడో లెక్కలో మైనస్ మింగీసింది. ఎల్లుండీ అదే సేత్తాది. మీరట్టుకెళ్ళి సెప్పండి. రానోళ్ళందరియ్యీ ఇచ్చి రండి."

ఇంద్రజ తలుపు తీసింది. పేపరు అందుకుని ఎర్ర సిరా గుర్తులన్నీ చూసింది.

"ఇది ఎవరు దిద్దారండీ?"

"ఆవిడే."

ఇంద్రజ ముఖం మారింది. "మరి ఈ సంగతి మాకు ముందే చెప్పొచ్చు కదండీ?"

"సెప్పుంటే పిల్లని పంపీవోరా అమ్మా?"

ఇంద్రజ పేపరు వంక చూస్తూ నిలబడింది. గవర్రాజు మూడో లెక్క సంగతి చెప్పి మెట్లు దిగాడు. ఇంకా ఎనిమిది ఇళ్ళు తిరగాలి.