చట్నీ చక్రం

అమీర్‌పేటలో దిగిన మొదటి వారంలోనే, నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివానన్న సంగతి ఇక ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ముందు నా చేతుల వైపు చూసేవాళ్లు, గ్రీజు అంటుకుని ఉందేమోనని. తరవాత "మరి జావాకి ఎందుకొచ్చారు?" అనేవాళ్లు. ఎందుకొచ్చానో నాకూ సరిగ్గా తెలీదు. మా క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. చదువైపోయాక ఫ్యాక్టరీల వాళ్లొచ్చి మగపిల్లల్ని తీసుకెళ్లి, నాకు మాత్రం శుభాకాంక్షలు చెప్పి వెళ్లారు. ఆ రోజుల్లో మా గుడివాడ వైపు ఏ పని తోచనివాళ్లైనా కంప్యూటర్ కోర్సులకని బస్సెక్కి అమీర్‌పేటలో దిగేవాళ్లు. నేనూ దిగాను.

పంజాగుట్ట వైపు పోయే ఒక సందులో మా లేడీస్ హాస్టల్. దాన్ని నడిపే ఆవిడని అందరం ఆంటీ అనేవాళ్లం. మెదక్ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. పట్నమొచ్చి, ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లో తాము ఒక గదిలో సర్దుకుని మిగతా గదులన్నీ మాకిచ్చారు. నైటీ మీద తువ్వాలు, చేతిలో గరిటె, పెద్ద గొంతు. ఆంటీ గుసగుసగా మాట్లాడినా పై అంతస్తులో స్నానం చేసేవాళ్లు "ఆఁ" అని పలికేవాళ్లు.

ఆ ఎండాకాలం రోజూ సరిగ్గా టిఫిను వేళకి కరెంటు పోయేది. ఇడ్లీ గ్యాసు మీద ఉడికేది, చట్నీ మాత్రం లేదు. ఇన్వర్టర్ ఉంది గానీ మిక్సీ పెట్టగానే అది కుయ్యిమని పడుకునేది. రోలు ఉంది, హాస్టల్ మొత్తానికీ రుబ్బే భుజం ఆంటీకి లేదు. ముందురోజు రాత్రే రుబ్బి పెడితే ఆ ఎండలకి పొద్దుటికి పులిసిపోయేది. కాబట్టి కారప్పొడి. రెండు వారాలు ఓపిక పట్టి, ఒకరోజు నా రూమ్మేట్ ప్లేటు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తను రాజమండ్రి పిల్ల, టెస్టింగ్ నేర్చుకుంటోంది, దేన్నైనా తప్పు పట్టడం అలవాటు.

"ఆంటీ, ఈ కారప్పొడి తిని వెళ్తే ఇంటర్వ్యూలో ఎక్కిళ్లొస్తున్నాయి. వాళ్లు నన్ను నీళ్లు తాగించి పంపించేస్తున్నారు."

"నేనేం జెయ్యాలె బిడ్డా? కరెంటోళ్లకు చెప్పు."

"మన హాస్టల్లోనే ఇంజనీరుంది కదా, దాన్ని అడగండి. మెకానికల్." అంటూ నన్ను చూపించేసింది.

ఆంటీ గరిటె దించి నన్ను కొత్తగా చూసింది. "గింత చదువు చదివి, రోజూ నా కారప్పొడి తింటున్నవా? నోరిప్పవేంది?"

వెనక వసారాలో ఒక ఎక్సర్‌సైజు సైకిల్ ఉండేది. మోకాళ్ల నొప్పులకి తొక్కమని డాక్టరు చెబితే ఆంటీ కొనుక్కుంది. వారం తొక్కి, ఆ పైన దాని మీద తడిబట్టలు ఆరేస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి దాన్ని చూపించి, "దీనికి బరువైన చక్రమొకటి తగిలిస్తే, తొక్కిన బలం వృథా పోకుండా అందులో ఉంటుంది, కరెంటు పోయినప్పుడు తీసుకోవచ్చు" అన్నాను. ఫ్లైవీల్ అన్న మాట కూడా వాడాను. పరీక్షలో రాశాక దాన్ని పైకి పలకడం అదే మొదటిసారి.

ఆంటీ అర్థం కానట్టు చూస్తుందనుకున్నాను. ఆవిడ కళ్లు మెరిశాయి.

"మా బాయికాడ ఆయిల్ ఇంజన్‌కు ఉంటుండె గా చక్రం! ఇంజన్ బంద్ చేసినంక సుత జరసేపు తిరుగుతనే ఉంటుండె. దాని దగ్గరికి పోతే మా నాయిన కట్టె పట్టుకొని ఉరికొచ్చెటోడు. అంటే గా తిరిగెడిదంత మనం దాచుకున్న బలమేనా?"

"అవునాంటీ."

"అయితే పొద్దుగాల అందరు తొక్కుర్రి. ఫ్యాన్లు, టీవీ, నీళ్ల మోటరు, అన్నీ నడుపుదాం!"

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. చక్రం బరువు ఇంత, వేగం ఇంత అని ఎంత ధారాళంగా అనుకున్నా, ఆడపిల్లల కాళ్లు రెండు మూడు నిమిషాలు తొక్కిన బలం మిక్సీని ఒక్క నిమిషం తిప్పుతుంది, అంతే. పోనీ ఎక్కువసేపు తొక్కి దాచుకుందామా అంటే, బేరింగు రాపిడీ గాలీ కలిసి తినేస్తాయి. భయపడుతూ వెళ్లి చెప్పాను.

"ఒక్క నిమిషమా?" అంది ఆంటీ. "ఒక్క నిమిషంల ఏమైతది బిడ్డా?"

"చట్నీ అవుతుంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, "గంతే చాలు. టీవీల ఏమొస్తుంది గనుక" అంది.

రూమ్మేట్ మాత్రం ఒప్పుకోలేదు. "తొక్కేదీ మనమే, రుబ్బేదీ మనమే. మధ్యలో ఆ చక్రం దేనికే? తిన్నగా మిక్సీనే తొక్కచ్చుగా?" అంది. మంచి ప్రశ్నే. పల్లీలు ఒక్కసారిగా పెద్ద బలం అడుగుతాయనీ, మన కాళ్లకి ఎప్పుడూ చిన్న బలమే ఉంటుందనీ, ఆ చిన్నదాన్ని కూడబెట్టి పెద్దదిగా ఖర్చు పెట్టడమే చక్రం పనీ అని చెప్పాను. "అంటే చిట్టీ అన్నమాట" అని తను తేల్చేసింది. నాలుగేళ్లలో మా లెక్చరర్లెవరూ అంత తేలిగ్గా చెప్పలేదు.

మర్నాడు ఆంటీ, నేనూ సనత్‌నగర్ వెళ్లాం. పాత ఇనుము కొట్టులో భాయ్ ఒకాయన తుక్కు మధ్య కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. గోడకి ఆనించి, తుప్పు పట్టిన ఆయిల్ ఇంజన్ చక్రం కనిపించింది. ఆంటీ వెళ్లి దాన్ని ఆవు గంగడోలు నిమిరినట్టు నిమిరింది.

"క్యా కర్తే అమ్మా? ఇంజన్ ఉన్నదా?" అన్నాడు భాయ్.

"లేదు భాయ్, చట్నీ జేస్తం."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. "ఇంజనీరమ్మ ఉన్నది, ఫికర్ లేదు" అని ఆంటీ నన్ను ముందుకి తోసింది. ఆ చక్రానికి ఇరుసూ, బేరింగులూ, స్టాండూ పక్క వర్క్‌షాపులో ఆయనే దగ్గరుండి చేయించాడు. మోటారు కాలిపోయిన పాత మిక్సీ ఒకటి తీసుకుని, మోటారు పీకేసి, జార్ కింద చిన్న పుల్లీ పెట్టించాం. పెద్ద చక్రం మీది నుంచి బెల్టు వచ్చి ఆ పుల్లీని తిప్పుతుంది. బెల్టు బిగించడానికి ఒక కర్ర. కర్ర నొక్కితే మిక్సీ తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. ట్రాలీ ఆటోలో చక్రం మా సందులోకి వచ్చేసరికి, పక్క బిల్డింగు ఇన్‌స్టిట్యూట్ పిల్లలు జిరాక్సులు పట్టుకుని దారి ఇచ్చారు.

వసారాలో సిమెంటు దిమ్మె కట్టించి చక్రాన్ని బిగించాం. చుట్టూ జాలీ. సైకిల్ నుంచి చక్రానికి చెయిన్లు. అంతా అయ్యాక, ఒక్కటి తక్కువైందని చెప్పాను. మామూలు సైకిల్‌కి ఉండే ఫ్రీవీల్ ఈ ఎక్సర్‌సైజు సైకిల్‌కి లేదు. అది లేకపోతే మనం తొక్కడం ఆపినా చక్రం పెడళ్లని తిప్పుతూనే ఉంటుంది.

"ఫ్రీ వీలా? పట్నంల ఫ్రీగ ఎవడిస్తడు?" అంది ఆంటీ. "రేపు పంజాగుట్ట సైకిల్ దుకాణంల చూద్దాం. ఇయ్యాల మంచిరోజు. జర తిప్పుదాం."

చక్రానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆంటీయే సైకిలెక్కింది. ఆడపిల్లలందరం చుట్టూ చేరాం. మొదట చక్రం కదల్లేదు. ఆవిడ పళ్లు బిగబట్టి తొక్కింది. మెల్లగా కదిలింది, ఆ తరవాత తేలికైపోయింది. గుమ్మ్ మని వసారా అంతా నిండిపోయే మోత. "సూడుర్రి, సూడుర్రి! ఉత్తగ కాళ్లు పెడితే చాలు!" అని ఆంటీ మురిసిపోతూ ఇంకా వేగం పెంచింది. మేం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లకి ఇంకా పెంచింది.

ఆయాసమొచ్చి, ఇక చాలని ఆగబోయింది.

పెడళ్లు ఆగలేదు. ఆంటీ కాళ్లు వాటితో పాటే పైకీ కిందకీ వెళ్తున్నాయి.

"ఓ బిడ్డా! ఇది నన్ను తొక్కుతుంది!"

"కాళ్లు తీసెయ్యండి ఆంటీ, కాళ్లు పైకి!" అని అరిచాను.

ఆవిడ ఎలాగో రెండు కాళ్లూ ఎత్తి హ్యాండిల్ మీద పెట్టుకుంది. అటొకటి ఇటొకటి పెడళ్లు ఖాళీగా గిర్రున తిరుగుతున్నాయి. దిగడానికి దారి లేదు. పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుని, నైటీ రెండు చేతులా ఒడిసిపట్టుకుని, "ఆపు! దీన్ని ఆపు!" అంటోంది.

"దానంతటది ఇప్పట్లో ఆగదాంటీ! అందులో బలం ఉంది, అది బయటికి తీయాలి!"

"తియ్యి మరి!"

తీసే మార్గం ఒక్కటే. "పల్లీలు!" అని కేకేశాను. రూమ్మేట్ వంటింట్లోకి పరుగెత్తి, వేయించి పెట్టిన పల్లీలూ పచ్చిమిరపకాయలూ తెచ్చి జార్‌లో పోసి మూత పెట్టింది. కర్ర నొక్కాను. మిక్సీ అరిచిన అరుపుకి ఇద్దరం వెనక్కి దూకాం. మూత పట్టుకోమంటే తను కళ్లు మూసుకుని మూత మీద రెండు చేతులూ వేసింది. పల్లీలు మెత్తబడ్డాయి, చక్రం కాస్త తగ్గింది గానీ ఆగలేదు.

"ఇంకేం వెయ్యను?"

"ఏదుంటే అది వెయ్యి బిడ్డా!" సైకిల్ మీది నుంచి ఆంటీ.

పూజ కొబ్బరికాయ ముక్కలు పడ్డాయి. చింతపండు పడింది. మధ్యాహ్నం పప్పులోకి తరిగి ఉంచిన టమాటాలు పడ్డాయి. ఒక్కొక్క వాయికీ మోత కిందకి దిగుతూ వచ్చి, చివరికి చక్రం మూలిగి నిలబడిపోయింది. ఆంటీ కాళ్లు దించి, నెమ్మదిగా నేల మీద నిలబడి, తిన్నగా జార్ దగ్గరికి వచ్చింది. వేలు ముంచి నాకింది.

"ఉప్పెయ్యలే" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఫ్రీవీల్ తెచ్చాం.

అప్పటి నుంచి కరెంటు పోగానే ఇద్దరో ముగ్గురో వంతుల వారీగా తొక్కేవాళ్లు, ఆంటీ కర్ర నొక్కేది. చట్నీ వచ్చింది. చక్రం మోత గోడ దాటి పక్క ఇన్‌స్టిట్యూట్‌కీ వెళ్లింది. ఒకరోజు జావా సార్ చేతిలో సుద్దముక్కతో వచ్చి, "ఏంటండీ ఈ హోరు? నా క్లాసులో వెనక బెంచీలు వణుకుతున్నాయి" అన్నాడు. ఆంటీ ఆయన్ని కూర్చోబెట్టి నాలుగిడ్లీలు పెట్టింది. ఆ తరవాత ఆయన రోజూ సరిగ్గా ఆ వేళకే క్లాసుకి విరామం ఇచ్చేవాడు, కంప్లైంటు వంకతో మా హాస్టల్‌కి వచ్చేవాడు.

ఆ మధ్యలోనే సోమాజిగూడలో నా మొదటి ఇంటర్వ్యూ. ప్యానెల్లో పెద్దాయన నా కాగితాలు చూసి, "మెకానికల్ కదమ్మా, రేపు అటే వెళ్లిపోతావు" అని రెండో ప్రశ్న అడక్కుండానే పంపించేశాడు. తిరిగొచ్చి, చుడీదార్ కూడా మార్చుకోకుండా సైకిలెక్కాను. కరెంటు ఉంది, రుబ్బేదేమీ లేదు. ఊరికే తొక్కాను. ఆంటీ మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ కాసేపు చూసింది.

"జర మెల్లగ బిడ్డా. బేరింగులు పోతయి."

పెద్దాయన అన్న మాట చెప్పి, ఇంకా గట్టిగా తొక్కాను.

"గా పెద్దసారుకు చట్నీ సంగతి చెప్పినవా?"

"అలాంటివి చెప్పకూడదాంటీ."

"ఎందుకు? దొంగతనం జేసినవా?" అంది. "మా ఆయనకు సుత జేసింది చెప్పుకునుడు రాదు. ముప్పై ఏండ్లు ఆఫీసుల పనిజేసిండు, ఏం పని జేసిండో ఇంట్ల ఎవ్వరికి ఎర్కలేదు."

నవ్వొచ్చింది. నవ్వితే కాళ్లు ఆగిపోయాయి. చక్రం మాత్రం తన పాటికి తను తిరుగుతోంది. ఇద్దరం అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాం.

తరవాతి ఇంటర్వ్యూలో ధైర్యం చేసి మొత్తం చెప్పాను, ఆంటీ సైకిల్ మీద చిక్కుకుపోవడంతో సహా. ప్యానెల్ వాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఒకాయన కొబ్బరి ఎంత వేశారని అడిగాడు. ఎంతో మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఉద్యోగం ఇవ్వలేదు.

చివరికి నాకు ఉద్యోగమొచ్చింది పంజాగుట్టలోనే, ఒక చిన్న కంపెనీలో. వాళ్లకి ఏదో పెద్ద ప్రాజెక్టు వచ్చి, డిగ్రీ ఉండి కూర్చోగలిగినవాళ్లందర్నీ తీసుకుంటున్నారు. నన్నసలు ఏమీ అడగలేదు. ప్రొడక్షన్ సపోర్ట్ అన్నారు. ఎక్కడో ఏదో ఆగిపోతే ఫోనొస్తుంది, మేం చూడాలి. ఆఫీసు అమ్మాయిలతో కలిసి వేరే ఇంటికి మారిపోయాను.

చేరిన నెలలోనే, టీమ్ లీడ్ నా వెనకే నిలబడి ఉండగా నా టేబుల్ మీది ఫోన్ మోగింది. ఎత్తగానే ఆంటీ గొంతు మా సీట్ల వరసంతా వినపడింది.

"బిడ్డా, చక్రం గరగర మంటున్నది. విను!" అని ఫోన్ తీసుకెళ్లి వసారాలో పెట్టింది. చెవి ఆనించి విన్నాను. వెనక నా పాత రూమ్మేట్ "పల్లీలు అయిపోయాయి ఆంటీ!" అంటోంది.

"ఎడమ పక్క బేరింగు ఆంటీ. చక్రం ఆపేసి గ్రీజు పెట్టించండి. తగ్గకపోతే సనత్‌నగర్ భాయ్‌ని పిలవండి. ఆదివారం నేనొచ్చి చూస్తాను."

"టిఫిన్ ఈడనే తిను" అని ఆంటీ పెట్టేసింది.

టీమ్ లీడ్ నా వైపు గౌరవంగా చూశాడు. "ఏ క్లయింట్?" అన్నాడు.

"అమీర్‌పేట" అన్నాను.

"వాళ్లూ మన దగ్గరే ఉన్నారా!" అంటూ ఆయన పక్క సీటు వైపు వెళ్లిపోయాడు.