పెనుకొండ దారిలో మారక్క అడిగిన మాట

1959 వేసవిలో ఊరి బావి పూడిక తీస్తుండగా మారక్క మన్ను తట్ట ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడింది. అప్పటికామెకు ఇరవై ఆరేళ్లు. మూడు రోజుల్లో కాళ్లు మొద్దుబారాయి, మూత్రం రావడం ఆగిపోయింది. భర్త నరసప్ప గొర్రెలు తమ్ముడికి అప్పజెప్పి ఆమెను రైల్లో బెంగళూరు తీసుకుపోయాడు. వెన్నులో నరాలు నలిగాయని డాక్టర్లు ఆపరేషన్ చేశారు.

ఏడాదికి కర్ర ఊతంతో నడిచింది. వంట చేసింది, ఉన్ని వడికింది. చూసినవాళ్లంతా బాగుపడిందన్నారు. కానీ కూర్చుంటే కింద నేల ఉందో లేదో ఆమెకు తెలిసేది కాదు. తొడల లోపలంతా తనది కాని ఒళ్లన్నట్టుండేది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నరసప్ప గొర్రెల దొడ్డి దగ్గరే పడుకోసాగాడు. తోడేళ్ల భయమన్నాడు. నీళ్లకుండ తనే మోసేవాడు, తినేటప్పుడు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాడు, చేయి మాత్రం తగలనిచ్చేవాడు కాదు. మారక్కకు స్పర్శ పోయింది గానీ ఆశ పోలేదు. ఉతకడానికి అతని తలగుడ్డ తీసుకుని, ముందు మొహానికి ఆనించుకునేది.

రెండో ఏడు హిందూపురంలో లేడీ డాక్టరుకు చూపించుకున్నప్పుడు, కాపురం చేసుకోవచ్చా అని తనే అడిగింది. చేసుకోవచ్చు, స్పర్శ మాత్రం రాకపోవచ్చు, ఆ మాట భర్తకు నువ్వే చెప్పాలి అంది డాక్టరమ్మ.

పెనుకొండలో భర్తతో రైలు దిగి ఊరికి నడుస్తూ మారక్క ఒక కల్వర్టు మీద కూర్చుంది. నరసప్ప ఆమె తల్లికి తమ్ముడు. చిన్నప్పటి పిలుపుతోనే పిలిచింది.

"మామా, నన్ను ముట్టుకునేదానికి రోత పుడతాందా నీకు?"

"రోత యాడిదే? నీకు నొప్పయితాదని భయం."

"నొప్పి గూడా తెల్దు నాకు ఆడ. అయినా నువ్వు కావల్ల నాకు."

"మరి యాడ తెలుస్తాది?"

అతనలా అడుగుతాడని ఆమె అనుకోలేదు. దారిలో ఎవరూ లేరు. అతని చేయి తీసుకుని మెడ వెనక పెట్టుకుంది. గరుకు అరచేయి. మారక్క కళ్లు మూసుకుంది.

ఆ వారమే అతను కంబళి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. మెడ, మోచేతి మడత, చెవి కింద, ఒక్కొక్కటీ తెలుసుకోవడానికి వాళ్లకు చాలాకాలం పట్టింది. ఒక్కోసారి మూత్రం జారి ఆమె సిగ్గుతో ఏడిస్తే, అతను పొడిగుడ్డ తెచ్చిచ్చి మళ్లీ పక్కనే పడుకునేవాడు. మునుపటి సుఖం మాత్రం తిరిగి రాలేదు.

1966లో చెల్లెలు చౌడక్క పురిటికి వచ్చినప్పుడు, మారక్క ఆమెకొక్కదానికే చెప్పింది.

"మామ నన్ను బాగా చూసుకుంటాడే. అయినా మునపటి మాదిరి ఒక్కసారి తెలిస్తే చాలనిపిస్తాది."

చెప్పి, చెల్లెలి బిడ్డ స్నానానికి నీళ్లు కాగాయేమో చూడడానికి లేచింది.