త్రిపురారం సర్వేలో మా వదిన

మొన్న ఆదివారం మా అన్న కోడలు, అత్తనూ చంటివాణ్ణీ వెంటబెట్టుకుని, సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చింది. పెళ్ళయి, కొడుకు పుట్టాక ఇప్పుడు భూగోళశాస్త్రంలో పీజీ చేస్తోంది ఆ పిల్ల. అదే శాస్త్రం ఏళ్ళ తరబడి కాలేజీలో చెప్పి రిటైరైన నన్ను తన సర్వే గురించి అడుగుదామని వచ్చింది. పొలం గట్టు వెంట ఒకసారి నడిచిపోతే చాలు, చేతిలోని ఫోనే దాని హద్దు గీసేస్తుందట. అది చూపించి, మీ కాలంలో ఇదంతా ఎట్ల చేసేటోళ్లు చిన్నత్తమ్మా అని అడిగింది. నేను హుషారుగానే మొదలుపెట్టాను గానీ, పక్కగదిలో మనవడిని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్న మా వదిన చెవిన ఆ మాటలు పడుతున్నాయేమోనని నాకు తెలియకుండానే నా గొంతు తగ్గిపోయింది.

మా రోజుల్లో ఎం.ఏ.కి భూగోళం తీసుకున్నానంటే మా ఆత్మకూరులో నవ్వనివాళ్ళు లేరు. దేశాల పేర్లూ రాజధానులూ బట్టీ పట్టడానికి హైదరాబాదు దాకా ఎందుకు, ఇక్కడే గోడకు పటం తగిలిస్తానని మా మేనమామ ఎగతాళి చేసేవాడు. రెండో సంవత్సరంలో ఒక ఊరి భూములు కొలిచి, ఏ మడిలో ఏ పంట ఉందో పటం గీసి ఇవ్వాలి. నీళ్ళు ముందుగా అందే పొలాలకూ, కాలువ చివరి పొలాలకూ తేడా చూపిద్దామని నేను త్రిపురారం దగ్గరి సాగర్ కాలువ కింది భూములు ఎంచుకున్నాను. పని కోతలకు ముందే ముగియాలి. కోత అయిపోయాక అంతా వరికొయ్యలే, ఇక పటంలో చూపించడానికి ఏమీ మిగలదు. మా నాయన కాదనలేదు గానీ, పెళ్ళికాని పిల్ల పరాయి ఊరి పొలాల్లో ఒంటరిగా తిరగరాదు, తోడు లేనిదే గడప దాటనివ్వనన్నాడు. అన్న గొర్రెల మందను విడిచి రాలేడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇక మిగిలింది కొత్తగా కాపురానికి వచ్చిన వదిన.

వదిన కోదాడ పిల్ల. ఇంటరు అయిన రెండేళ్ళకు పెళ్ళి చేశారు. తల్లిగారింట్లో ఉండగానే ఓపెన్ డిగ్రీకి కట్టిందని మాకు తెలుసు గానీ, పరీక్షలు ఎప్పుడని మా ఇంట్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కోడలి చదువు గురించి అడగాలన్న ఆలోచనే ఆ ఇంట్లో ఉండేది కాదు, ఆ ఇంట్లోనే ఉండి పెద్ద చదువు చదువుతున్న నాకూ లేదు.

మిర్యాలగూడలో చుట్టాలింట్లో దిగి, పొద్దున్నే బస్సు పట్టుకుని త్రిపురారం పోయేవాళ్ళం. మూడు కాళ్ళ బల్ల మీద కాగితం పరిచి నేను ఒకచోట నిలబడితే, ఎరుపూ తెలుపూ పట్టీలున్న పొడుగాటి కర్ర పట్టుకుని వదిన మడి మూలన నిలబడేది. ఆ కర్రకు గురి చూసి నేను గీత గీసేదాన్ని. జరగమని చెయ్యి ఊపితే జరిగేది, ఆగమంటే ఎండలో అట్లాగే ఆగేది. ఎవరో మమ్మల్ని కాలువల ఆఫీసు వాళ్ళనుకుని, చివరి పొలాలకు నీళ్ళు వదలరేమని నోరారా తిట్టి, తీరా సంగతి తెలిశాక ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కర్ర పట్టుకుని నిలబడినంతసేపూ వదిన పెదవులు కదులుతుండేవి. ఎండ సోకకుండా ఏ దండకమో చదువుకుంటోందనుకున్నాను.

నేను ఎం.ఏ. పాసైన రోజు ఇంట్లో మిఠాయిలు పంచుతుంటే వదిన తమ్ముడు కోదాడ నుంచి వచ్చాడు. మిఠాయి నోట్లో వేసుకుంటూ, మా అక్క ఆ పరీక్షలకు వచ్చి ఉంటే ఆమె డిగ్రీ కూడా ఈపాటికి ఒడ్డున పడేదని మామూలుగా అనేశాడు. ఏ పరీక్షలని అడిగితే తెలిసింది. మేం త్రిపురారంలో ఉన్న ఆ వారమే కోదాడలో ఆమె ఆఖరి సంవత్సరం పరీక్షలు. కర్ర పట్టుకుని ఆమె చదువుకున్నది దండకం కాదు, పాఠాలు. పోవడానికి వీలు చిక్కుతుందేమోనని చివరిదాకా ఆశ పెట్టుకుందన్నమాట. వంటింట్లోకి పోయి, నాకెందుకు చెప్పలేదని వదిన మీదే కోపగించుకున్నాను.

"కోత ఆగదు గదా పిల్లా. పరీక్ష మళ్ళీ వస్తుందిలే" అంది.

పరీక్ష వచ్చింది గానీ వదినకే వీలు చిక్కలేదు. నెల తప్పింది, ఆ తరువాత ఇంకో బిడ్డ, మంద, పొలం, మా అమ్మ మంచాన పడడం. నాకు తెలియదు కదా అని ఎవరైనా నన్ను ఓదార్చవచ్చు. కానీ పొద్దంతా నేను చేసిన పనే ఆమె వైపు గురి చూడడం, అయినా ఆమె నాకు కనిపించలేదు. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు తగ్గలేదు. ఎం.ఫిల్.లో చేరినప్పుడు లైబ్రరీలో కూర్చుని జనాభా లెక్కలతో సాగిపోయే అంశమే పట్టుబట్టి తీసుకున్నాను. భూగోళం చదువుతూ పొలంలో అడుగు పెట్టనంటావేమిటని మా ప్రొఫెసరుగారు విసుక్కున్నా అంశం మార్చుకోలేదు. ఇంకెవరినీ తోడు తీసుకుపోగూడదన్నదే నా పట్టుదల. దానివల్ల వదినకు ఒరిగిందేమీ లేదు.

ఆదివారం కోడలు చెరువు గట్టు చూసివస్తానని బండెక్కి పోయాక, మనసు ఆగక వదిన దగ్గర కూర్చున్నాను. ఇప్పుడైనా డిగ్రీకి కట్టమన్నాను, ఈ వయసులో రాసేవాళ్ళు ఎంతమంది లేరు, పుస్తకాలు నేను తెస్తాను, పక్కన కూర్చుని చెప్తానన్నాను. ఆమె పిల్లవాడి మీద దుప్పటి సర్దింది.

"అప్పుడైతే నాకు కావాల్సి ఉండె. ఇప్పుడు నీ మనసు నిమ్మళం చేసేటందుకు నేను పరీక్ష రాయాల్నా పిల్లా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

కాలం మారింది. ఆ కోడలు ఒక్కతే బండి మీద ఊళ్ళన్నీ తిరిగి వస్తోంది, తోడెవరని అడిగేవాళ్ళు లేరు, చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ ఆమె తిరిగి వచ్చేదాకా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది మాత్రం ఇప్పటికీ మా వదినే. వాణ్ణి కొన్నాళ్ళు నా దగ్గర వదిలిపొమ్మందామని నోటిదాకా వచ్చింది. అదీ నా నిమ్మళం కోసమే అంటుందేమోనని, అంటే అది నిజమేనని, ఊరుకున్నాను.