క్రౌన్ మీది జత నంబరు

నాకు పని నేర్పింది మా బావ. అక్కను పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలోనే నన్ను తన లేత్ దగ్గర నిలబెట్టుకుని ఇనుము ఎలా కోయాలో చూపించాడు. తర్వాత చోడవరంలో ఇద్దరం కలిసి ఒక షెడ్డు వేసుకున్నాం. ముందు వైపు ఆయన లేత్, వెనక వైపు నా పని. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరైనా, దేవరాపల్లి వైపు తిరిగే పాత జీపైనా, వెనక ఇరుసు మూలిగిందంటే నా దగ్గరికే వచ్చేది.

ఒకరోజు ఊళ్లో సగం మందికి పురుడు పోసిన డాక్టరమ్మ కబురు పెట్టింది. రిటైరై చాలా కాలమైంది. వాళ్ల నాన్నగారి ఇంగ్లండు కారు, ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు, ఏళ్ల తరబడి రేకుల షెడ్డులో పడి ఉంది. ఇంజను విశాఖపట్నంలో బాగుచేయించింది. అక్కడి మెకానిక్కు వెనక ఇరుసు ఈ కారుది కాదేమో అన్నాడట.

“నాన్నగారు ఒకసారి ఈ కారుతో గోతిలో పడ్డారు బాబూ. అప్పుడు ఇరుసు మార్చేసేరేమో నాకు తెలీదు. ఆయన నడిపింది ఇదేనో కాదో చూసి సెప్పగలవా?” అంది.

అలాంటి కారు నేను అంతకుముందు ముట్టుకోలేదు. దాని పాత విడిభాగాల పుస్తకం ఫోనులో సంపాదించి, రాని ఇంగ్లీషును కూడబలుక్కుంటూ నెల రోజులు చదివాను. ఇరుసు దింపి, గట్టిపడ్డ గ్రీజును కిరసనాయిలుతో కడిగితే పోతపోసిన అంకెలు పైకి తేలాయి. పుస్తకంలో ఉన్నవే. ఆ కారుకు తీగల చక్రాలు. అవి ఎక్కే ఇరుసు కొసలకు సన్నటి గాడులుంటాయి, చక్రం బిగించే మర కుడివైపు ఎదురు తిరుగుతుంది. అదీ సరిపోయింది.

ఇక లోపలిది. ఇరుసు మధ్య బుర్రలో రెండు పళ్ల చక్రాలుంటాయి. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. రెంటినీ ఒకదానితో ఒకటి అరగదీసి జత చేస్తారు కాబట్టి రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. క్రౌన్ అంచున 57 కనపడింది. పినియన్ మూతి తుడిచాను. అక్కడా 57. ఏడు అంకెకు మధ్యలో చిన్న గీత. క్రౌన్ పన్నొకటి బియ్యపుగింజంత విరిగి ఉంది, గోతిలో పడ్డ రోజుదేనేమో.

డాక్టరమ్మను పిలిచి చూపించాను. కళ్లద్దాలు తీసి, నంబరును వేలితో తడిమి చూసుకుంది. ఏయే గుర్తులు చూసి అసలువని తేల్చానో వివరంగా రాసి, ఫోటోలు అతికించి, సంతకం చేసిచ్చాను. నకలు షెడ్డులో ఉంచాను. ఇదంతా జరుగుతున్నంతసేపూ టార్చిలైటు పట్టుకున్నది మా బావే. ప్రతి అంకె గురించీ అడిగాడు. నేనూ ఉత్సాహంగా చెప్పాను.

కొత్త బేరింగులు రావడానికి కొన్ని వారాలు పట్టింది. బిగించాల్సిన సమయానికి రావికమతంలో ఒక ట్రాక్టరు చేలో ఆగిపోయిందని ఫోనొచ్చింది. “నువ్వెళ్రా. నేను బిగించేస్తాను” అన్నాడు బావ. రెండు రోజుల తర్వాత వచ్చేసరికి కారు డాక్టరమ్మ ఇంటికి చేరిపోయింది.

కొన్ని నెలలు గడిచాక హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేశారు. పాత కార్లు పోగుచేసే ఆయనట. మర్యాదగా మాట్లాడాడు. “మీరు ధ్రువీకరించిన క్రౌన్, పినియన్ నా కారుకు వేయించానండీ. పాత కార్ల ప్రదర్శనలో మరికొన్ని వివరాలు అడుగుతున్నారు. మీ బావగారు మిమ్మల్నే అడగమన్నారు” అన్నాడు. నేను మీ కారువేవీ ధ్రువీకరించలేదని అంటూ ఉండగానే ఫోటోలు వచ్చాయి. 57. ఏడుకు గీత. విరిగిన పన్ను. పక్కనే నా సంతకం ఉన్న కాగితం నకలు.

లేత్ ఆపించి ఫోను బావ ముందు పెట్టాను.

“ఏటి బావా ఇది?”

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “ఏటుంది? పాత పళ్ల చక్రాలు తీసి కొత్తవి ఏసేను. ఆ హైదరాబాదు ఆయనే ముందుగా పంపించేడు. బండి నడస్తంది కదా?”

“దాని మీద నా సంతకం ఉంది.”

“నువ్వు రాసింది నిజవే కదరా. అవి అసలువే కదా. ఇందులో అబద్ధం ఏటుంది?”

“నీ కూతురు పుట్టింది ఆ డాక్టరమ్మ సేతుల్లోనే కదా” అన్నాను.

అప్పుడు ఆయన గొంతు మారింది. “షెడ్డుకొచ్చినోడల్లా నీ పేరే అడుగుతన్నాడు. నేను గుమ్మంలో ఉన్నా నన్ను దాటుకుని లోపలికెళ్తన్నారు. పని నేర్పిందెవరు? నువ్వా, నేనా?”

ఎన్నాళ్లుగా అది మనసులో పెట్టుకుని నాకు టార్చి పట్టాడో అనిపించింది. కోపం కన్నా ముందు నాకు సిగ్గేసింది, ఎందుకో.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“శబ్దం మారింది బాబూ. వేగం పెరిగితే సన్నగా ఏడుస్తంది. మొదటి వారమే తెలిసింది. అడిగితే నిన్ను అనుమానించినట్టు ఉంటాదని ఊరుకున్నాను.”

ఇన్ని నెలలూ ఆవిడ నన్ను నొప్పించకూడదని ఆ ఏడుపు వింటూ కారు నడిపింది. బావ మాటల కంటే ఇదే నన్ను ఎక్కువగా కోసింది.

మర్నాడు ఆవిడ ఎదుటే ఇరుసు విప్పాను. లోపల తళతళలాడే నకలు చక్రాలు. జత నంబరు లేదు. హైదరాబాదు ఆయనకు ఫోన్ చేసి వివరించాను. మొదట నొచ్చుకున్నాడు, తర్వాత తాను మా బావకు డబ్బిచ్చి న్యాయంగానే కొన్నానన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పోలీసులకు చెబుదామంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. నేనిచ్చిన కాగితం నా చేతిలో పెట్టి, “సరిగ్గా మళ్లీ రాయి” అంది.

ఇరుసు పై పోత అసలుదని రాశాను. కొసలు అసలువని రాశాను. లోపలి చక్రాలు నకలువని రాశాను. ఎవరు మార్చారన్న చోట కలం ఆగింది. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి ‘మా షెడ్డులో మారాయి’ అని రాసి సంతకం చేశాను.

ఆ నెలలోనే నా పనిముట్లు తీసుకుని గోవాడ రోడ్డులో వేరే షెడ్డుకు మారాను. అక్క ఫోన్ చేసి, “ఇంటాయన్ని నలుగుర్లో సిన్నబుచ్చేవు కదరా” అంది. నేను ఎవరితోనూ అనలేదని చెప్పినా నమ్మలేదు.

ఇన్నేళ్లకు మొన్న మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్లాను. బంతిలో కూర్చుంటే బావ పప్పు గిన్నె పట్టుకుని వరసగా వడ్డిస్తూ నా ముందుకొచ్చాడు. జుట్టు బాగా నెరిసింది.

“ఇంకొంచెం ఎయ్యనా?” అన్నాడు.

“సాలు బావా” అన్నాను. ఆయన పక్క విస్తరి దగ్గరికి వెళ్లాడు.