మీసంతో చీర కట్టిన ఇల్లాలు

ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా చేరిన రెండో రోజే యజమాని నాకు చీర కట్టాడు. అది ఆ వ్యాపారంలో మామూలే. కొనేవాళ్లు తెల్లపరుపు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, మేం లేచి నిలబడి, ప్యాంటు మీదనే కుచ్చిళ్లు దోపుకుని, కొంగు భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపించాలి. పెళ్లిళ్ల కాలంలో మా అమ్మ ఏడాదికి కట్టేన్ని చీరలు నేను ఒక్కరోజులో కట్టి విప్పేవాణ్ని. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

నవ్వు రావాలంటే ప్రయోగం కావాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ప్రయోగం హిందూపురం నుంచి వచ్చింది, ఒక లెక్చరర్ రూపంలో. కాలేజీలో ఆయన పాఠం చెప్పింది తక్కువ, నాటకాలాడించింది ఎక్కువ. చదువుకునే రోజుల్లో ఆయన దగ్గర నేనూ చిన్నాచితకా వేషాలు వేశాను. మా తాతల కాలం నుంచి ఆడుతున్న ఒక పాత హాస్యనాటకాన్ని ఆయన మళ్లీ బయటికి తీశాడు. అనుమానపు పిసినారి మొగుడు, నోరున్న పెళ్లాం, ఆఖరున ఆమె అతనికి బుద్ధి చెప్పడం, ఇదీ కథ. ఆయన కొత్తగా చేసిందల్లా మొగుడి వేషం ఒక స్కూలు టీచరమ్మకు, పెళ్లాం వేషం నాకు ఇవ్వడం.

"ఆడోళ్లు దొరక్క మగోళ్లు ఆడేషాలు ఏసిన కాలం పోయింది గద సార్" అన్నాను.

"అప్పుడు గతిలేక ఏసినారు. ఇప్పుడు తెలిసి ఏస్తాండాం. తేడా లేదా?"

నాకేం తేడా కనబడలేదు. అయినా తలూపాను, గురువు గదా!

తేడా రిహార్సల్లో తెలిసింది. సన్నగొంతు పెట్టి, నడుము తిప్పుతూ, కొంగు నోట్లో కుక్కుకుని నేను ఇరగదీస్తుంటే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. "అవేమీ వద్దప్పా. నీ గొంతుతోనే చెప్పు. మీసం కూడా తీయద్దు" అన్నాడు. టీచరమ్మకూ అదే న్యాయం. పంచె కట్టుకోవాలి, జడలో మల్లెపూలు మాత్రం అట్లే ఉండాలి. మీసమున్న ఇల్లాలిని జనం ఎట్లా నమ్ముతారో ఆయన పుస్తకాల్లో రాసి ఉంటుందిలే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే సోమందేపల్లి పక్క పల్లెలో నాకు సంబంధం కుదిరింది. సేద్యం చేసుకునే కుటుంబం, ఒక్కతే కూతురు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్ల నాకు తెగ నచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే ఎట్లా అని అన్నం కూడా సయించేది కాదు. అంత బెంగ ఉన్నవాడు నోరు మూసుకుని ఉండాలా, వద్దా? నేను పోయి పోయి కాబోయే మామను, "పెనుకొండలో మా నాటకం, ఇంటిల్లిపాదీ రండి" అని పిలిచి వచ్చాను. నా తెలివి అట్లా తెల్లారింది.

పెనుకొండలో ఒక స్కూలు హాలు, సాయంత్రం పూట. మామ ముందు వరసలో కూర్చున్నాడు, అత్త, పిల్ల ఆడవాళ్ల బెంచీల్లో ఎక్కడో ఉన్నారు. నేను మెరూన్ చీరలో, మీసంతో స్టేజీ ఎక్కగానే ఎవడో ఈల వేశాడు. ఆ తర్వాత హాలంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. మామ ఒక్కడే చేతులు కట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. నాటకం అయిపోయాక కనబడకుండానే వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా మామ, అత్త, ఒక పెద్దమనిషి నేరుగా అంగడికే వచ్చారు. బేరం వచ్చిందనుకుని యజమాని వాళ్లను పరుపు మీద కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. "ఎట్లాగూ వచ్చినాం గదా, ఒక చీర సూద్దాం" అంది అత్త. నేను కట్టుకున్నాను.

"ఇంగో పక్కకు తిరుగప్పా" అన్నాడు మామ. "కొంగు బాగుండాది. కింద అంచు సూపీ."

చూపించాను.

"బాగుండాది. ఇంగ ఇసయానికొస్తే, ఆడేషాలు ఏసేవానికి పిల్లనిచ్చేది కుదర్దు."

చీర విప్పాలో, ఉంచాలో తోచక కుచ్చిళ్లు పట్టుకుని అట్లే నిలబడ్డాను.

"ఇప్పుడు కట్టుకోనుండేదీ చీరే గద మామా!"

"ఇది యాపారం."

"మీ పెద్దనాయన కూడా ఆడేషాలు ఏసేటోడంట గదా?" దొరికాడులే అనుకున్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా పెద్దనాయన ఏసినాడంటే ఆడోళ్లే సిగ్గుపడల్ల! నడక, గొంతు, అంతా ఆడదే. సూసేకి పరిగి నుంచి బండ్లు కట్టుకోని వచ్చేటోళ్లు. నువ్వేమో మీసాలు పెట్టుకోని చీర కట్టి, అటూ కాకుండా ఇటూ కాకుండా నిలబడ్తివి. అది ఎగతాళి గదప్పా!"

అంటే నా తప్పు చీర కట్టడం కాదు, గడ్డం గీసుకున్నప్పుడు మీసం వదిలేయడం. జనాన్ని పూర్తిగా నమ్మిస్తే కళ, నేను మగవాణ్నేనని దాచకుండా నిలబడితే ఎగతాళి. ఈ సూత్రం ఆ లెక్చరర్‌కు కూడా తెలిసినట్టు లేదు.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "ఇంగెప్పుడూ నాటకాలు ఆడనని మాటియ్యప్పా. లగ్గం పెట్టుకుందాం."

"ఆడను" అన్నాను, భుజం మీద కొంగుతోనే. క్షణం కూడా ఆలోచించలేదు. ఆ చీర కూడా వాళ్లే కొన్నారు, యజమాని సంతోషించాడు.

హిందూపురంలో రెండో ప్రదర్శనకు లెక్చరర్ ఫోన్ చేస్తే రానని చెప్పేశాను. "పిరికోడా" అన్నాడు. అందులో ప్రయోగమేమీ లేదు, మామూలుగానే తిట్టాడు.

పెళ్లయిన రెండు నెలలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మళ్లా నాటకం ఎప్పుడు?" అంది.

"నీ కోసం మానుకున్నా. మీ నాయనకు మాటిచ్చినా" అన్నాను. మెచ్చుకుంటుందని త్యాగమూర్తి ముఖం ఒకటి పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె చాట పక్కన పెట్టేసింది.

"నువ్వు సూసేకి వచ్చినపొద్దు నాకు నచ్చలే. వద్దని చెప్పల్లనే అనుకుంటి. పెనుకొండలో మీసాలతో నిలబడి, పొద్దన్నుంచి నేను ఏమేం పని సేసినానో తెల్సునా నీకు అని మొగుణ్ని అడిగి ఏడిస్తివే, అప్పుడు నచ్చితివి. ఆ మాట మా అమ్మ దినామూ అంటాది. మా నాయన యినడు. మీసాలున్న నోట్లోనుంచి ఆ మాట నేను యినింది ఆ పొద్దే."

నేను త్యాగమూర్తి ముఖం తీసేసి, చాట ఇవతలికి లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

"మా నాయనకు మాటిచ్చేటప్పుడు, ఆ పిల్లనూ ఒక మాట అడుగుదామని నీకు తోచలేదా?" అంది.

నిజం చెప్పాలంటే, తోచలేదు.