భీమమ్మ గీతల బండ

తాండూరులో భీమమ్మను ఎరిగినవాళ్లు చాలామందే గానీ, ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. గనిలో బండలు కొట్టే మొగులప్ప భార్య. అక్షరం ముక్క రాదు. పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఆమె చేసిన ఒక్క పని మాత్రం చెప్పకుండా ఉండబుద్ధి కాదు.

ఆమెకు ఒక్కతే బిడ్డ, ఇంద్రమ్మ. ఎనిమిదో నెలలో జలుబు చేసి, ఊపిరాడక పిల్లకు పక్కలెగిరాయి. అది తగ్గి తేరుకునేలోపే, ఏడాదిన్నరకు తట్టు పోసింది. అమ్మవారు వచ్చిందని ఇంట్లో తాళింపు మానేశారు, గుమ్మానికి వేపమండలు కట్టారు, దవాఖాన మాటే ఎత్తలేదు. తట్టు పోయింది గానీ దగ్గు రొమ్ములోనే కూర్చుంది. అప్పటినుంచి వానలు పడితే చాలు, పిల్లకు దమ్ము, ఊపిరి తీస్తే పిల్లికూతలు.

ఇంద్రమ్మకు మూడేళ్లప్పుడు ఊళ్లో వైద్యుడు, "కిందటిసారి దమ్ము ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. భీమమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది, తేలలేదు.

"కన్నతల్లివి, గంత యాది లేదా?" అన్నాడాయన.

ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికొచ్చి, పొయ్యి పక్కన గోడకు ఆనించి ఉన్న మూరెడు నాపరాయి ముందు కూర్చుంది. మొగులప్ప ఉలితో మొదట ఆ జలుబుకు, తట్టుకు చెరో సున్న గీసింది. ఇక దమ్ము వచ్చినప్పుడల్లా ఒక నిలువు గీత. ఎన్ని రోజులుంటే దాని కింద అన్ని చుక్కలు. జ్వరం కూడా ఉంటే సున్న. ఉగాది ఉగాదికి ఒక అడ్డగీత, దాని కింద నెలకింత చొప్పున చోటు.

పిల్లకు తొమ్మిదేళ్లు వచ్చాయి. అది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. ఆ దగ్గు విని బళ్లో పంతులు జంకాడు.

"క్షయ గాదని వికారాబాద్ గుట్ట మీది దవాఖాన నుంచి కాయిదం తే. అప్పటిదాంక బడికి పంపకు."

ఇంద్రమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారి భీమమ్మ పిల్లను తీసుకుని రైలెక్కింది. గుట్ట మీద డాక్టర్ చంద్రశేఖర్ కఫం పరీక్షకు పంపాడు, రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించి వెలుతురుకు పెట్టి చూశాడు.

"మచ్చ లాంటిది ఉందమ్మా. పాతదో కొత్తదో తేల్చలేను. ఆరు నెలలు ఇక్కడ ఉంచు."

క్షయ రోగుల మంచాల వరసకేసి చూసి భీమమ్మ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గిది వానతోని వస్తది, ఎండతోని పోతది సాబ్. క్షయ గిట్ల వచ్చి పోతదా?"

"తల్లులందరూ ఇదే చెప్తారు. రాసిపెట్టింది ఏమన్నా ఉందా?"

"ఉన్నది. ఎల్లుండి పట్కొస్త."

ఇంట్లో ఆమె బండ ఎత్తుతుంటే మొగులప్ప నోరు తెరిచాడు. "ఏమే, బండ మోస్కపోతవా? డాక్టర్ నవ్వుతడు."

"నవ్వనీ. నవ్వినంక సూస్తడు గద."

రైల్లో ఒకాయన ఊరుకోలేదు. "ఏందవ్వా, వికారాబాద్ల రాళ్లకు కరువొచ్చిందా?"

"గిది నా బిడ్డ కాయిదం. జర కాళ్లు తియ్యి, కింద పెడ్త."

పెట్టె అంతా నవ్వింది. ఆయనే కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

స్టేషన్ నుంచి గుట్ట దాకా బండ ఆమె తల మీదే ఉంది, పిల్ల పక్కన నడిచింది. డాక్టర్ ముందు నవ్వాడు. ఆమె ఒక్కో గుర్తూ వేలితో చూపిస్తుంటే నవ్వు ఆగింది. కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

"ఈ రెండు సున్నలు?"

"గిది పసిపిల్లప్పటి జలుబు. గిది తట్టు."

"తర్వాత సున్నలు లేవేం?"

"జరం రాలె సాబ్. ఒక్క యేడు ఒక్కపారి వచ్చింది, గిదో. వస్తే గియ్యకుంట ఉందునా?"

డాక్టర్ వేలు అడ్డగీతల మీద ఆగింది. ప్రతి ఉగాది గీత కిందా ఎండాకాలపు చోటు ఖాళీగా, నున్నగా ఉంది. గీతలన్నీ వానాకాలంలోనే గుంపు కట్టాయి.

"క్షయ ఎండాకాలం సెలవు తీసుకోదు," అన్నాడు నెమ్మదిగా. "కఫంలోనూ ఏం లేదు. పసితనంలో తగిలిన ఆ రెండు దెబ్బలకు ఊపిరి గొట్టాలు బలహీనపడినట్టున్నాయి. ఇది ఉబ్బసం. ఎవరికీ అంటదు. మాత్రలిస్తాను, బడికి పంపు. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను."

పక్కగదిలోని డాక్టర్‌ను పిలిచి బండ చూపించాడు. "చదువుకున్నవాళ్లు కూడా ఇట్లా రాసిపెట్టరు," అన్నాడు. భీమమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

కాగితం రాసిచ్చాక అడిగాడు. "ఈ బండ ఇక్కడే ఉంచమ్మా. నీకూ మోత తప్పుతుంది."

"నువ్వు కాయిదం మీదికి దించుకో సాబ్. వచ్చే వానకాలం నేనేడ గియ్యాలె?"

ఆయన గీతలన్నీ దించుకుని, బండను తనే ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. భీమమ్మ కాగితాన్ని ఇంద్రమ్మకిచ్చింది.

"పంతులుకు నువ్వే ఇయ్యాలె బిడ్డా. గట్టిగ పట్టుకో."

పిల్ల ముందు, తల్లి వెనక గుట్ట దిగారు.